ముసలమ్మ గుట్ట మీద ఒట్టు

రోకో తెచ్చిన మలుగుల్ని వేలంలో పక్కకి నెట్టేశారన్న మాట చేపల బజారంతా పాకేలోపే అతని భార్య ఇగ్నాజియా అక్కడికి వచ్చి నిలబడింది. మా మోల్ఫెత్తా రేవులో ఆవిడ గొంతు ఎరగనివాళ్ళు లేరు. వేలం పాడేవాడికి మైకు ఇచ్చారు గానీ, ఆవిడకి అలాంటిది ఎప్పుడూ అవసరపడలేదు.

"ఏవయ్యా, నా మొగుడి చేపలకి ఏం రోగం వచ్చిందట?"

"నా మీద పడతావేంటి ఇగ్నాజియక్కా? చేపల డాక్టరు చూసి తీసెయ్యమన్నాడు, తీసేశాం. నువ్వే చూసుకో."

ఆవిడ వంగి చూసింది. పాముల్లా పొడుగ్గా, తొడంత లావున్న మలుగులు పెట్టెలో చుట్టలు చుట్టుకుని పడి ఉన్నాయి. ఒకదానికి మొప్పల దగ్గర్నుంచి పొట్టదాకా తోలు లేచిపోయి ఎర్రటి మాంసం కనపడుతోంది. ఇంకోదాని కంటి మీద తెల్లటి పొర కమ్మింది. మిగతావాటికీ అక్కడొకటి ఇక్కడొకటి పుండ్లున్నాయి. ఆవిడ ముఖం మాడిపోయింది.

"రోకో, నువ్వు గాలానికి ఎర గుచ్చుతున్నావా, మీ ఆవిడ వండిన కూర గుచ్చుతున్నావా?" అని వెనకనుంచి ఎవడో అన్నాడు. జనం గొల్లుమన్నారు.

"నా కూర తిని పెరిగినవాడివే కదరా! నీకేం పుట్టింది, దున్నపోతులా ఉన్నావు!" అంది ఇగ్నాజియా వెనక్కి తిరక్కుండానే.

రోకో మాత్రం టోపీ చేత్తో పట్టుకుని నేల చూపులు చూస్తున్నాడు. నోట్లో నాలుక లేని మనిషి. "పోనీలేవే, రేపు మంచివి పడతాయిలే," అన్నాడు.

"నెల రోజుల్నుంచీ ఇదే పాట! రేపట. ఆ రేపు ఎప్పుడొస్తుందో నువ్వే చెప్పు!"

ఆవిడ కోపం మొగుడి మీద కాదు, ఆ సంగతి అతనికీ తెలుసు. రోకోకి మరబోటు లేదు, వల లేదు. ఉన్నదల్లా ఒక చిన్న పడవ, గాలాలు కట్టిన పొడుగాటి తాడు, సముద్రంలో మునిగి ఉన్న ముసలమ్మ గుట్ట. ఆ గుట్ట మీద రాళ్ళు కత్తుల్లా ఉంటాయి. వల వేస్తే పేలికలే పైకి వస్తాయి గనక మరబోట్లు దాని దరిదాపులకి వెళ్ళవు. ఆ రాళ్ళ బొరియల్లో మలుగులు కాపురముంటాయి. ఒకప్పుడు దాని మీద చాలామంది గాలాలవాళ్ళు బతికేవాళ్ళు, ఇప్పుడు రోకో ఒక్కడే మిగిలాడు. ముసలమ్మ చేపల్ని బజారు వద్దంటే అతను పడవని ఒడ్డుకి లాగేసుకోవాల్సిందే. ఈ వయసులో ఏ సరంగూ అతన్ని బోటెక్కించుకోడు. ఎక్కించుకున్నా ఇగ్నాజియా ఎక్కనివ్వదు.

ఆవిడ పెట్టె చంకనెత్తుకుని రేవు గోడ దగ్గరికి నడిచింది. అక్కడ నీడలో ఆవిడ తమ్ముడు డామియానో కూర్చుని చిరిగిన వల కుడుతున్నాడు. అతనికి చూపు లేదు. పనంతా వేళ్ళతోనే.

"అక్కా, ఎవరి మీద ఎగురుతున్నావే పొద్దున్నే? చర్చిదాకా వినపడింది."

"చూడరా తమ్ముడూ ఈ చేపల్ని! ఏ రోగమో నాకు అంతుపట్టటం లేదు."

చూడరా అంటే అతనికి కోపం రాదు, అలవాటైపోయింది. సూది పక్కన పెట్టి పెట్టెలో చెయ్యి పెట్టాడు. మలుగు వీపు మీదుగా తడుముకుంటూ వచ్చాడు. తోలు ఊడినచోట వేళ్ళు ఆగిపోయాయి. చుట్టూ అంచు పట్టుకుని చూశాడు. తరవాత చొక్కా చేతులు పైకి లాక్కుని, తన ముంజేతి మీద ముడతలు పడి మెరిసే పాత మచ్చ పక్కన ఆ చేపని ఆనించాడు.

"ఇది పుండు కాదక్కా," అన్నాడు. "ఇది కాలింది. నాకు కాలినట్టే కాలింది."



డామియానో కాలిన సంగతి మా ఊళ్ళో పసిపిల్లలకి కూడా తెలుసు. పెద్ద యుద్ధం అయిపోయాక మిగిలిపోయిన గ్యాసు బాంబుల్ని ఎవరెవరో పడవలకెత్తి మా ముంగిట్లో సముద్రంలో పారబోసి చేతులు దులుపుకుపోయారు. వాళ్ళు బాగానే ఉన్నారు, వలలు మావి. డామియానో మీసాలు సరిగ్గా రాని వయసులో బోటెక్కాడు. ఒకరోజు వలలో తుప్పు పట్టిన బాంబొకటి వచ్చింది. దాన్నుంచి పసుపుపచ్చటి బంకమన్నులాంటిది కారి వలకంతా అంటుకుంది. వెల్లుల్లి వాసన వస్తోందని, ఎవరో పులుసు పెడుతున్నారని వాళ్ళు జోకులు కూడా వేసుకున్నారట. వల పాడైపోతుందని కుర్రాడు దాన్ని ఉత్త చేతుల్తో గీకాడు, ఆ చేతుల్తోనే కళ్ళ మీద చెమట తుడుచుకున్నాడు. సాయంత్రానికల్లా ఒళ్ళంతా బొబ్బలెక్కింది, కళ్ళు మూసుకుపోయాయి. ఒళ్ళు మానింది గానీ కళ్ళు మానలేదు. కొన్నేళ్ళలో ఉన్న కాస్త వెలుగూ పోయింది.

అన్నిటికంటే ఇగ్నాజియాకి కడుపు మండించిన సంగతి ఇంకోటి ఉంది. ఆ బాంబు ముందురోజే ఇంకో బోటు వలలో పడింది. ఆ బోటువాళ్ళు గుట్టు చప్పుడు కాకుండా దాన్ని దొరికినచోటే మళ్ళీ పారేశారు. దుర్మార్గులై చేసిన పని కాదు, అందరూ చేసే పనే. బాంబు దొరికిందని కోస్టుగార్డుకి చెబితే బోటుని రేవులో కట్టేస్తారు, పట్టిన చేపంతా గోతిలో పూడ్చేస్తారు. అందుకని ఎవరూ నోరెత్తేవాళ్ళు కాదు.

ఆ యేడు సెప్టెంబరు పండగకి, మా ఊరిని కాచే మార్తిరి మాత విగ్రహాన్ని బోట్ల మీదకి ఎక్కించే వేళకి, ఇగ్నాజియా వెళ్ళి బోటెక్కే చెక్క పలకకి అడ్డంగా నిలబడింది. అప్పటికింకా పెళ్ళికాని పిల్ల. ఏటా పక్కపక్కన కట్టిన మరబోట్ల మీద మాతని సముద్రంలో ఊరేగించటం మా ఆచారం. నా బోటు మీద అమ్మ ఎక్కాలంటే నా బోటు మీద ఎక్కాలని సరంగులు కొట్టుకు చస్తారు. ఈ పిల్ల చేతులు చాపి నిలబడి అమ్మని ఎక్కనివ్వలేదు. ఫాదరీ బతిమాలాడు, సరంగులు కసిరారు. ఆవిడ కదల్లేదు.

"ఒట్టెయ్యండి. అమ్మ పాదం ముట్టుకుని ఒట్టెయ్యండి. దొరికిన బాంబుని ఇంకో బోటు దారిలో పారెయ్యబోమని."

"మరెక్కడ పారెయ్యమంటావే? నెత్తిన పెట్టుకోమంటావా?"

"ముసలమ్మ గుట్ట మీద పారెయ్యండి. అక్కడికి ఏ వలా పోదు. ఎవరి చెయ్యీ దానికి తగలదు."

ఆ మాట అందరికీ నచ్చింది. ఫాదరీ కూడా తలూపాడు. సరంగులు ఒక్కొక్కడే వచ్చి మాత పాదం ముట్టుకున్నాడు. రేవంతా చప్పట్లు కొట్టింది. ఆనాటి నుంచీ ఎవడి వలలో బాంబు పడినా, ఎంత దూరమైనా, ఎంత ఆలస్యమైనా ముసలమ్మ దాకా మోసుకెళ్ళి, సిలువ గుర్తు వేసుకుని వదిలిపెట్టి వస్తాడు. అలా చెయ్యనివాణ్ణి మావాళ్ళు మనిషిగా లెక్కవెయ్యరు. ఆ తరవాత మా ఊళ్ళో డామియానోలా కాలినవాడు ఇంకొకడు లేడు. తరవాత ఇగ్నాజియా వలవాణ్ణి చచ్చినా చేసుకోనని భీష్మించుకుని, బాంబులతో పనిలేని గాలాలవాణ్ణి ఏరుకుని మరీ చేసుకుంది. వాడే రోకో.

ఇప్పుడు ఆవిడ రేవు గోడకి చేరగిలబడి కూర్చుని ఆ చేప వంక చూస్తోంది.

మధ్యాహ్నానికి బారీ పట్నం నుంచి మారిలేనా అనే అమ్మాయి వచ్చింది. సముద్రపు జీవాల మీద చదువుకుంటోంది, పాడైన చేపలుంటే నాకు ఉంచండని ముందే బజారువాళ్ళకి చెప్పుకుంది. డామియానో ఉత్త చేతుల్తో చేపని పట్టుకున్నాడని విని కంగారుపడి, ముందు అతని చేతులు సబ్బుతో కడిగించింది. తరవాత తొడుగులేసుకుని ఒక మలుగుని కోసింది. కాలేయం మీద మచ్చలు చూసి పెదవి విరిచింది.

"ఇవి ఎక్కడివి పెద్దమ్మా?"

"ముసలమ్మ గుట్టవి."

"గ్యాసు బాంబులు పడి ఉన్నచోట దొరికిన మలుగులకి ఇలాంటివే చూశాం. మలుగు ఊరు తిరిగే చేప కాదు కదా. ఒక బొరియ చూసుకుని అందులోనే ఏళ్ళ తరబడి ఉంటుంది, అడుగునున్న మట్టిలోనే ఒళ్ళు రాచుకుంటుంది. ఇనుము తుప్పు పట్టి చిల్లులు పడితే లోపలిది కొంచెం కొంచెంగా బయటికి వస్తుంది. ఇదే కారణమని ఇప్పుడే గట్టిగా చెప్పలేను. పరీక్ష చెయ్యాలి. కానీ ఆ గుట్ట మీద బాంబులు ఉండే అవకాశం ఉందా?"

ఇగ్నాజియా నోరు తెరిచింది గానీ మాట రాలేదు. రేవు చరిత్రలో అది మొదటిసారి.

అదే సమయానికి ఒనోఫ్రియో అటుగా వచ్చాడు. మరబోటు సరంగు, రోకోకి చిన్ననాటి స్నేహితుడు. ఇగ్నాజియాని ఆట పట్టించకపోతే అతనికి తిన్నది అరగదు.

"ఏంటి వదినా, నోట్లో బెల్లం ముక్క పెట్టుకున్నావా? రేవు బోసిపోయింది!"

"ఒనోఫ్రియో, నిజం చెప్పు. ముసలమ్మ మీద ఎన్ని పారేసి ఉంటారు మీరంతా?"

అతను ఛాతీ విరుచుకున్నాడు. "లెక్కేముంది వదినా! నేను ఒక్కణ్ణే బోలెడు. మా నాన్న వేశాడు, మా అన్న వేశాడు. ఎండనీ, వాననీ, గాలనీ చూసుకోలేదు. నీ మాట ఒక్కడు కూడా తప్పలేదు, తెలుసా? పోయినేడు ఒక కుర్ర సరంగు బద్ధకించి మధ్యలో వదిలేద్దామంటే వాడి సొంత మేనమామే చెంప పగలగొట్టాడు. నీ మాటంటే మాకంత గౌరవం!"

ఎంతో ప్రేమగా అన్నాడు పాపం. ఒక్కో మాటా ఆవిడ గుండెల్లో దిగబడింది. వాళ్ళు మాట తప్పి ఉంటే బాగుండునని జీవితంలో మొదటిసారి అనిపించింది ఆవిడకి. తన మాట మీద ఒక ఊరు ఊరంతా ఇంత నమ్మకంగా నిలబడి, తన మొగుడి అన్నంలోనే విషం కలిపింది. కలపమని చెప్పింది తనే. ఎవర్ని తిట్టాలి?

ఒనోఫ్రియో పెట్టెలో చేపల్ని చూశాడు, డామియానో చేతి వంక చూశాడు. అతని ముఖంలో నవ్వు మెల్లగా ఆరిపోయింది. "అయ్యో వదినా," అన్నాడు. 

ఇంటికి వెళ్ళేసరికి రోకో పెరట్లో కూర్చుని గాలాల తాడు చిక్కు తీస్తున్నాడు. పొయ్యి మీద చంబొట్టో అనే చేపల పులుసు ఆవిడ పొద్దున్న వదిలేసి వెళ్ళినట్టే చల్లారిపోయి ఉంది. ఇగ్నాజియా ఎప్పుడూ తిట్లతోనే మొదలుపెట్టే మనిషి, ఆ రోజు మాత్రం అతని పక్కన మెల్లగా కూర్చుంది.

"రోకో, నీ గుట్టని నేనే పాడుచేశాను."

అతను తలెత్తలేదు. ఒక గాలాన్ని బెండుముక్కకి గుచ్చి, "నాకు తెలుసే," అన్నాడు.

"ఏం తెలుసు?"

"చేపలకి ఏమవుతోందో. చాలా ఏళ్ళ నుంచీ చూస్తున్నాను. పుండ్లున్నవాటిని అక్కడే వదిలేసేవాణ్ణి, బాగున్నవి నీకు తెచ్చేవాణ్ణి. రాను రాను బాగున్నవి తగ్గిపోయాయి. ఈ నెల ఇక ఏరటానికి ఏమీ మిగల్లేదు."

ఆవిడ కళ్ళు పెద్దవి చేసింది. "అంతా తెలిసి నాకొక్క మాట చెప్పలేదే! ఓరి నీ మౌనం మండా! నీ పక్కలో పడుకుంటున్నదాన్ని కదరా మనిషీ!"

"చెబితే ఏం చేస్తావు? పరిగెత్తుకెళ్ళి ఒట్టు తీయించేస్తావు. వాళ్ళు మళ్ళీ దొరికినచోటే పారేస్తారు. మళ్ళీ ఎవడో కుర్రాడు ఉత్త చేతుల్తో గీకుతాడు." గాలం గుచ్చటం ఆపాడు. "డామియానోని చూస్తూ ఎలా చెప్పనే? నాదేముంది, చేపలు."

"నీదేముందా!" ఇగ్నాజియాకి ఏడుపు తన్నుకొచ్చింది. అతని చేతుల మీద తల పెట్టుకుని భోరున ఏడ్చింది. తమ్ముడి కోసం ఏడ్చిన తరవాత ఆవిడ అలా ఏడవటం అదే. రోకోకి ఏం చెయ్యాలో తోచక, ఒళ్ళోని గాలాలు ఆవిడకి గుచ్చుకోకుండా ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టాడు.

ఆ ఆదివారమే మాత పండగ. రేవులో బోట్లు రంగు కాగితాలు కట్టుకుని, పక్కపక్కన తాళ్ళతో బిగించుకుని సిద్ధంగా ఉన్నాయి. బ్యాండు మేళం మొదలైంది. మాతని భుజాల మీద మోసుకుంటూ పలక దాకా తెచ్చేసరికి, పండగ బట్టల్లో ఇగ్నాజియా మళ్ళీ అడ్డంగా నిలబడింది. పక్కన డామియానో ఆవిడ భుజం పట్టుకుని ఉన్నాడు. మేళం ఆగిపోయింది.

"మళ్ళీ ఏంటి తల్లీ?" అన్నాడు ఫాదరీ. ఈయన కొత్తాయన, పాత కథ విని ఉన్నాడు గానీ తన హయాంలో జరుగుతుందనుకోలేదు.

"అప్పుడు మీచేత ఒట్టు వేయించుకున్నది నేనే. ఇప్పుడు తీసేస్తున్నది కూడా నేనే," అంది ఆవిడ సరంగులకేసి తిరిగి. "మీరు మాట తప్పలేదు. తప్పు నాది. ముసలమ్మ మీద ఇక ఒక్కటి కూడా పడకూడదు. దొరికితే దొరికినట్టు కోస్టుగార్డుకి చెప్పండి."

గోల మొదలైంది. "బోటు కట్టేస్తారు పెద్దమ్మా!", "వారం రోజుల చేప గోతిలో పోస్తారు!", "మా పిల్లలేం తినాలి, నీ ఒట్టు తినాలా?" అని తలా ఒక మాట అన్నారు. వాళ్ళన్నదాంట్లోనూ అబద్ధం లేదు.  ఎప్పుడూ ఎదురు సమాధానం చెప్పే ఇగ్నాజియా చేతులు జోడించి నిలబడింది. అది చూసి ముందు నోరు మూసుకున్నవాళ్ళు పెద్దవయసు సరంగులే.

డామియానో తన చొక్కా చేతులు పైకి మడిచాడు. "నా చేతులు మీరందరూ చూశారు. మా బావ పట్టిన చేపల్ని కూడా చూడండి. నాకైతే కాలాక అక్క అడ్డం నిలబడింది. వాటికి ఎవరున్నారు?"

 చివరికి ఒనోఫ్రియో జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. "మంచి పనికని చేశాం కదే వదినా," అన్నాడు. వంగి మాత పాదం ముట్టుకున్నాడు. అతని వెనక ఇంకొకడు వచ్చాడు, ఆ వెనక ఇంకొకడు. కొందరు రాలేదు, తలలు తిప్పుకుని తాళ్ళు సరిచూసుకుంటున్నట్టు నటించారు. ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

ఊరేగింపు సాగిపోయాక రోకో తన చిన్న పడవని విప్పాడు. డామియానో కాలినప్పటి నుంచీ సముద్రంలో అడుగు పెట్టని ఇగ్నాజియా, ఎవరూ పిలవకుండానే వచ్చి ఎక్కింది.  ఇద్దరూ ముసలమ్మ గుట్ట దాకా వెళ్ళారు. పైకి అక్కడేమీ కనపడదు, అన్నిచోట్లా ఉన్నట్టే నీలంగా నీళ్ళు. దూరంగా మాత ఎక్కిన బోట్లు కూతలు వేస్తున్నాయి.

గాలాలవాళ్ళకి ఒక అలవాటుంది. తాడు దింపే ముందు మొదటి గుప్పెడు ఎర గాలం లేకుండా ముసలమ్మకి వేస్తారు. రోకో ఎర తొట్టె మూత తీశాడు. ఇగ్నాజియా చుట్టూ చూసింది. పడవలో తాడు లేదు, గాలాలు లేవు.

"తాడేదీ?"

"పెరట్లో ఉంది. మూట కట్టి అటక మీద పెట్టేశాను." అతను గుప్పెడు చేపముక్కలు నీళ్ళలో వేశాడు. "ఇంతకాలం తిండి పెట్టింది. చెప్పి వెళ్దామని వచ్చాను."

"చేపని కోసి చూసిన ఆ బారీ అమ్మాయి, ఎప్పటికైనా బాంబుల్ని తీసేస్తారేమో అంది."

"తీస్తే మంచిదే. మన కాలంలో తియ్యరులే."

ఆవిడ కూడా తొట్టెలో చెయ్యి పెట్టి గుప్పెడు తీసింది. ముక్కలు తెల్లగా మెరుస్తూ కిందికి, ఇంకా కిందికి వెళ్ళిపోయాయి. కాసేపటికి కనపడలేదు. వాటిని అందుకోవటానికి బొరియల్లోంచి ఏ కాలిన ఒళ్ళు బయటికి వస్తాయో అనుకుంది. 

"ఎవరి చెయ్యీ తగలని చోటని చెప్పాను రోకో," అంది. "చేతుల్లేనివాళ్ళు అక్కడుంటారని నాకు తట్టలేదు."

 తొట్టె ఖాళీ అయ్యేదాకా ఇద్దరూ వేస్తూనే ఉన్నారు. తరవాత అతను పడవని ఒడ్డుకేసి తిప్పాడు.